గగనసఖి పీల్చే గాలి



విమానంలో పరిచర్య చేసే యువతికి మన పత్రికలవారు ‘గగనసఖి’ అని పేరు పెట్టారు. సమాసం చక్కగా కుదిరింది. చెవికి ఇంపుగానూ ఉన్నది. అయితే ముప్పై ఏళ్లకు పైగా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల బడులలో పిల్లలచేత విగ్రహవాక్యాలు చెప్పించిన తెలుగు పండితుణ్ణి కనుక, ఒక మాట ఏమి చెబుతున్నదో చూసినప్పుడు ఏమి దాస్తున్నదో కూడా చూడటం నాకు అలవాటు. ‘గగనసఖి’లో గగనం ఉన్నది, స్నేహం ఉన్నది, పని లేదు. నిప్పంటుకుంటే ఆర్పవలసిన మనిషి, ప్రమాదం వస్తే ప్రయాణికులను క్షణాలమీద కిందికి దింపవలసిన మనిషి, రోజుకు మూడు నాలుగు మార్లు ఎక్కి దిగుతూ ఆ మూసిన గదిలోని గాలినే ఏళ్ల తరబడి పీల్చవలసిన మనిషి ఆ మాటలో కనిపించదు. ఈ టపా ఆ గాలిని గురించి.

నా దగ్గర పదవ తరగతి వరకు చదివిన ఒక అమ్మాయి విమాన సిబ్బందిలో పని చేస్తున్నది. ఆమె పేరు, ఊరి పేరు, సంస్థ పేరు ఇక్కడ వ్రాయను. నడిగడ్డ పిల్ల అని మాత్రం చెబుతాను. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న గద్వాల, అలంపురం ప్రాంతాన్ని మేము నడిగడ్డ అంటాము. పూర్వం సంస్థానాధీశుల పండితాదరణ వల్ల ‘విద్వద్గద్వాల’ అని పేరు పొందిన చోటు అది. ఇప్పుడు సంకరజాతి పత్తి విత్తనం పండించి పలు రాష్ట్రాలకు పంపే చోటు. ఆ అమ్మాయి తల్లిదండ్రులు సీడుపత్తి చేలలో పని చేసినవారే.

గడచిన ఏడాది ఆమె నాకు ఒక ఉత్తరం వ్రాసింది. ఫోనులోనే వ్రాసినా, బడిలో నేర్పినట్లు తేదీ, సంబోధన, విషయం అన్నీ పెట్టి వ్రాసింది. విమానం దిగడానికి సిద్ధమవుతున్న సమయంలో వెనుక భాగంలో ఒక వాసన వచ్చిందట. తడిసిన మేజోళ్లను రెండు రోజులు సంచిలో కట్టిపెట్టి విప్పినట్లున్న వాసన. పది నిమిషాలలో పోయింది. ఆ రాత్రి తల పగిలిపోయే నొప్పి, వాంతి, చేతివేళ్లలో తిమ్మిరి. రెండు నెలల తరువాత మళ్లీ అదే వాసన. ఈసారి నొప్పి వారం దినాలు తగ్గలేదు. అన్నిటికంటె ఆమెను భయపెట్టినది మరొకటి. ప్రతిదినం రెండు భాషలలో కంఠతా చెప్పే ప్రకటన మధ్యలో మాట తట్టక ఆగిపోయింది. “సార్, మీరు పద్యం అప్పజెప్పించినప్పుడు నేను ఎన్నడైనా ఆగిన్నా?” అని అడిగింది. ఆగలేదు. అంతటి ధారణ గల పిల్లలను నా ఉద్యోగకాలం మొత్తం మీద వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

వైద్యుడు నిద్రలేమి, మానసిక ఒత్తిడి అని వ్రాశాడు. సంస్థవారు విమానాన్ని పరీక్షించి దోషమేమీ కనబడలేదన్నారు. వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవద్దని తోటివారు హితవు చెప్పారు. ఆరోగ్యరీత్యా ఎగరడానికి తగదని ఒకసారి కాగితం మీద పడితే ఉద్యోగం దక్కుతుందన్న భరోసా లేదు. ఇంటి అప్పు, తమ్ముడి చదువు ఆమె జీతం మీదనే నడుస్తున్నాయి. ఉత్తరం చివర ఒకే ప్రశ్న: “ఇదంతా నా భ్రమనా సార్?”

వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాడికి ఇది దొరికే ప్రశ్న కాదు. అయినా అడిగినది నా విద్యార్థిని. చదవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను.

విమానం ఎగిరే ఎత్తున బయటి గాలి మనిషి పీల్చి బ్రతకలేనంత పలుచన. అందుకని ఇంజనులో గాలిని అదిమే భాగం నుండి, ఇంధనం కలవక ముందే, కొంత వేడిగాలిని గొట్టాల ద్వారా తీసి, చల్లార్చి, లోపలికి పంపుతారు. దీనిని ‘బ్లీడ్ ఎయిర్’ అంటారు. ఒంటినుండి నెత్తురు తీసినట్లు ఇంజనునుండి తీసిన గాలి అన్నమాట. లోపల తిరిగే గాలిలో సుమారు సగం ఇలా కొత్తగా వచ్చేది. మిగిలిన సగం లోపలిదే వడపోసి మళ్లీ తిప్పేది. ‘హెపా’ అనే ఆ వడపోత దుమ్మును, సూక్ష్మజీవులను పట్టుకుంటుంది కాని ఆవిరిని పట్టలేదు. పైగా ఇంజనునుండి వచ్చే గాలికి చాలా విమానాలలో ఏ వడపోతా లేదు.

ఇంజనులో తిరిగే ఇరుసులకు నూనె కావాలి. ఆ నూనె హద్దు దాటకుండా సీళ్లు ఉంటాయి. ఆ సీళ్లు గాలి ఒత్తిడిని ఆధారం చేసుకొని పని చేస్తాయి గనుక, ఇంజను వేగం పెరిగినప్పుడూ తగ్గినప్పుడూ, అంటే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ, రవ్వంత నూనె దాటి రావచ్చు. సీలు అరిగిపోతే ఆ రవ్వంత ఎక్కువవుతుంది. ఇంజను వేడికి నూనె కాగి, ఆవిరై, గాలితోపాటు మనుషులు కూర్చున్న చోటికి చేరుతుంది. తడి మేజోళ్ల వాసన అని ప్రపంచమంతటా విమాన సిబ్బంది చెప్పేది దీనినే. మా అమ్మాయికి ఆ పోలిక ఎవరూ నేర్పలేదు. 2011లో ప్రయాణికులతో ఎగరడం ప్రారంభించిన బోయింగ్ 787 మాత్రం ఇంజను గాలిని లోపలికి పంపదు. విద్యుత్తుతో నడిచే కంప్రెసర్ల ద్వారా బయటి గాలిని వేరుగా తెచ్చుకుంటుంది. మరొక దారి ఉన్నదనడానికి ఆ ఒక్క విమానం చాలు.

ఇరుసులు అరగకుండా ఆ నూనెలో ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ అనే పదార్థాన్ని నూటికి మూడు పాళ్ల దాకా కలుపుతారు. ఆ పేరు చదవగానే నాకు నడిగడ్డ జ్ఞాపకం వచ్చింది. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ అని ఎరువుల దుకాణాలలో డబ్బాలమీద చదివినవారికి ఆ ‘ఫాస్’ తోక పరిచితమే. అందరిదీ ఆర్గనోఫాస్ఫేట్లనే ఒకే వంశం. వంశమొకటైనా స్వభావాలు వేరు. పురుగుమందు నరాల సంకేతాలను అదుపులో ఉంచే ఎంజైమును కట్టివేసి గంటలలో మనిషిని పడగొడుతుంది. ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్‌లోని ‘ఆర్థో’ రకం రెండు మూడు వారాలు ఊరుకొని, ఆ పిమ్మట కాళ్ల నరాలను చచ్చుబడేటట్లు చేస్తుంది.

దాని చరిత్ర విమానాలకంటె పెద్దది. 1930లో, మద్యనిషేధం ఉన్న అమెరికాలో, మత్తుకోసం తాగే అల్లపు సారంలో దీనిని కల్తీ చేస్తే వేలాదిమందికి కాళ్లు పడిపోయాయి. 1959లో మొరాకో దేశంలో విమాన ఇంజను నూనెనే వంటనూనెలో కలిపి అమ్మగా సుమారు 10,000 మంది పక్షవాతం పాలయ్యారు. 1988లో మన కలకత్తాలోని బేహాలాలో కల్తీ వంటనూనె తిని వందలాదిమంది అలాగే మంచం పట్టారు. వారందరూ తిన్నవారు, తాగినవారు. ఆవిరిగా పీల్చడం వేరు, మోతాదు చాల తక్కువ. నేటి నూనెలలో ఆ ఆర్థో రకాన్ని బాగా తగ్గించామని తయారీదారులు అంటారు. ఇది కూడా చెప్పకపోతే న్యాయం కాదు.

ఇక్కడ మా చేలను గురించి కొంత చెప్పాలి. సీడుపత్తిలో ‘క్రాసింగు’ అనే పని ఉంటుంది. సాయంత్రం ఆడ మొక్క మొగ్గలను ఒక్కొక్కటిగా గిల్లి పుప్పొడి తిత్తులు తీసివేయాలి. మరునాటి ఉదయం మగ మొక్క పువ్వు తెచ్చి పుప్పొడి అంటించాలి. వానకాలం పంటలో వారాల తరబడి సాగే పని ఇది. సన్నని వేళ్లు కావాలని చెప్పి ఏళ్ల తరబడి ఆడపిల్లలనే దింపారు. 2000 తరువాతి సంవత్సరాలలో దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు ఈ సంగతిని ప్రపంచానికి తెలియజేశారు. మొక్క పిల్లల ముఖం ఎత్తు వరకు పెరుగుతుంది. దానిమీద మందు కొడతారు. ఆ ఆకుల నడుమ పిల్ల నిలబడి ఉంటుంది.

‘మందు’ అన్నాను. మన భాషలో రోగం తగ్గించేదీ మందే, పురుగును చంపేదీ మందే. చేలో కళ్లు తిరిగి పడిపోయిన పిల్లను ‘మందు పడలేదు’ అంటారు, లేదా ‘ఎండదెబ్బ’ అంటారు. ‘విషం పీల్చింది’ అని ఎవరూ అనరు. 2013 జులైలో బీహారులోని సారణ్ జిల్లా బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోతే, ఆ అన్నంలో తేలినది మోనోక్రోటోఫాస్. ఆ వార్త చదివిన దినం మన భాషలో ఆ మాట బరువెంతో నాకు తెలిసివచ్చింది. నేను పని చేసిన బడులలో క్రాసింగు దినాల హాజరు పట్టికలు ఇప్పటికీ బీరువాలలో ఉంటాయి. ఆడపిల్లల పేర్లకు ఎదురుగా వరుసగా గైర్హాజరు గుర్తులు. ఎందుకు రాలేదో వ్రాయడానికి ఆ పట్టికలో గడి ఉండదు.

విమానంలోనూ ఆ గడి లేదు. చాలా విమానాలలో మరుగుదొడ్డిలో ఎవరైనా సిగరెట్టు వెలిగిస్తే పసిగట్టే సాధనం ఉన్నది. పీల్చే గాలిలో నూనె ఆవిరి వస్తే పసిగట్టే సాధనం లేదు. ఉన్నది సిబ్బంది ముక్కు ఒక్కటే. దిగిన తరువాత నిపుణులు వచ్చి చూస్తారు. అప్పటికి వాసన పోయి ఉంటుంది. రక్తంలో పట్టి చూపే పరీక్ష మామూలు ప్రయోగశాలలలో దొరకదు. వాసనకు సాక్ష్యం లేదు, నొప్పికి పరీక్ష లేదు. కనుక మిగిలేది ‘మానసికం’ అన్న మాట.

శాస్త్రజ్ఞుల మధ్య వివాదం ఉన్నమాట నిజం. 1999లో విండర్, బలూవే, హాఫ్‌మన్ అనే ముగ్గురు పరిశోధకులు ఈ లక్షణాల సముదాయానికి ‘ఏరోటాక్సిక్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. ఆ పేరును వైద్యలోకం వ్యాధిగా ఇంకా అంగీకరించలేదు. బ్రిటన్‌లో క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం వారు 100 ప్రయాణాలలో గాలిని కొలిచి, 2011లో నివేదిక ఇస్తూ, భద్రతా ప్రమాణాలు మించినట్లు ఆధారం లేదన్నారు. అయితే ఆ 100 ప్రయాణాలలో లాంఛనంగా నివేదించవలసినంతటి ఆవిరి ఘటన ఒక్కటి కూడా జరగలేదని వారే వ్రాశారు. మా నాగర్‌కర్నూలు దిక్కు దుందుభి వాగు ఉన్నది. ఎండకాలంలో పోయి దాని ఇసుకను కొలిచివస్తే కొలత అబద్ధం కాదు. వరదను గురించి మాత్రం ఆ కొలత ఏమీ చెప్పదు.

వరద దినాన ఉన్న మనిషి ఒకామె న్యాయస్థానం దాకా వెళ్లింది. ఆస్ట్రేలియాలో ఈస్ట్-వెస్ట్ ఎయిర్‌లైన్స్ విమాన పరిచారిక జోవాన్ టర్నర్. 1992 మార్చిలో ఒక బీఏఈ 146 విమానం దిగుతుండగా లోపల పొగ కమ్మింది. అప్పటినుండి ఆమెకు వదలని దగ్గు. కాగిన నూనె పొగ వల్లనే ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని న్యూ సౌత్ వేల్స్ ట్రిబ్యునల్ 2009లో తీర్పు చెప్పింది. సంస్థ పై కోర్టులకు పోయింది. 2010లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం అప్పీలుకు అనుమతి నిరాకరించడంతో తీర్పు నిలిచింది. పది ఇరవై నిమిషాలు పీల్చిన పొగకు తీర్పు నిలవడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. ఈ మధ్యలో, 2000లో, ఆ దేశపు సెనేటు సంఘం అదే రకం విమానాలలోని గాలిపై విచారణ జరిపి నివేదిక కూడా ఇచ్చింది.

ఇది దూరదేశాల ముచ్చట అనుకోవద్దు. గద్వాల, వనపర్తి వాళ్లం పట్నం పోతే శంషాబాదు మీదుగా పోతాము. నాగర్‌కర్నూలు వాళ్లు కల్వకుర్తి మీదుగా శ్రీశైలం రోడ్డున తుక్కుగూడ చేరుతారు. ఏ దారిన పోయినా విమానాలు నెత్తిమీద దిగుతూ కనిపిస్తాయి. 2022 అక్టోబరు 12 రాత్రి గోవా నుండి అక్కడికే వచ్చిన స్పైస్‌జెట్ క్యూ400 విమానంలో పొగ నిండింది. విమానం క్షేమంగా దిగింది. ఇంజను నూనె గాలి గొట్టంలోకి చేరి ఏసీ గాలిలో కలవడమే కారణమని పౌర విమానయాన డైరెక్టరేట్ ప్రాథమిక విచారణలో తేలింది. ఆ సంస్థ క్యూ400 ఇంజన్ల నూనె నమూనాలను 15 రోజులకొకసారి పరీక్షించాలని ఆదేశించారు. పొగ కంటికి కనబడింది కనుక విచారణ జరిగింది, ఆదేశం వచ్చింది. కంటికి కనబడని దినాల మాట ఏమిటి? ప్రయాణికుడు ఆ రాత్రి ఇంటికి వెళ్లిపోతాడు. సిబ్బంది మరునాడు మళ్లీ ఎక్కుతారు.

తెలుగులో ‘గాలి మాట’ అంటే ఆధారం లేని మాట. ‘గాలి సోకింది’ అంటే దయ్యం పట్టిందని. గాలివల్ల జబ్బు చేసినదని చెప్పబోయే మనిషికి మన నుడికారమే ముందుగా నోరు మూయిస్తుంది. గాలి మాటకు ఆధారం కావాలంటే దానిని కాగితం మీదికి దించడం ఒక్కటే ఉపాయమని నాకు తోచింది.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2015లో ఈ విషయమై మార్గదర్శకాలు వెలువరించింది. వాసనను ఎట్లా గుర్తించాలి, ఎట్లా నివేదించాలి, సిబ్బందికి ఏమి నేర్పాలి అన్నవి అందులో ఉన్నాయి. అది చూసి ఆ అమ్మాయికి ఫోను చేశాను. “బిడ్డా, నీది భ్రమ అని చెప్పడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. నూనె వల్లనే అని చెప్పడానికి నీ దగ్గరా లేదు. వైద్యం తీర్పు వైద్యులకు వదులు. జరిగినది మాత్రం నీవు ఎరుగుదువు. అది వ్రాయి” అన్నాను. ఇద్దరం కూర్చొని, ఆమె అక్కడ, నేను వనపర్తిలో, నాలుగు సాయంత్రాలు వ్రాశాము. తేదీ, విమానం ఏ దశలో ఉన్నది, ఎక్కడ నిలబడి ఉన్నది, వాసన ఎట్లున్నది, ఎంతసేపు, ఇంకెవరికి వచ్చింది, ఆ రాత్రి ఏమైంది, మరునాడు ఏమైంది. విశేషణాలు వస్తే నేను కొట్టివేశాను. ‘భయంకరమైన’ అన్న మాట నాలుగు చోట్ల ఉంటే నాలుగు చోట్లా తీసివేసి నిమిషాల లెక్క పెట్టించాను. తెలుగులో అట్లా కుదిరిన తరువాత తానే ఇంగ్లీషులోకి మార్చుకున్నది.

ఈ పని జరుగుతున్న దినాలలోనే వాళ్ల అమ్మ నాతో మాట్లాడింది. కూతురి సంగతి సగం సగం తెలిసిన తల్లి. “సారూ, విమానంల గూడ మందు కొడ్తరా?” అని అడిగింది. ఆమె చేలోని మందును దృష్టిలో పెట్టుకొని అడిగింది. నవ్వులాటకు కూడా లేదనలేకపోయాను. పరదేశపు దోమలు, పురుగులు రాకుండా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాలు తమ నేలమీద దిగే విమానాలలో కీటకనాశని చల్లాలని నియమం పెట్టాయి. అది వేరే వంశపు మందు. మా అమ్మాయి జబ్బుకు దానికి సంబంధం లేదు. “కొన్నిట్ల కొడతరమ్మా. ఇది మాత్రం అది కాదు, ఇంజను నూనె” అన్నాను. ఆమె కొంతసేపు ఊరుకొని, “మందు వాసనలకెళ్లి బయటపడాల్నని గదా సారూ చదివిపిచ్చింది” అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

నివేదికను ఆమె పై అధికారులకు అందజేసింది. తోటివారిలో ఇద్దరు తమ పేర్లు కూడా చేర్చమన్నారు. ఒకరు చివరి గడియలో వెనుకకు తగ్గారు. ఆమెను తప్పుపట్టను, ఆమెకూ ఇల్లున్నది. ప్రస్తుతానికి మా అమ్మాయిని నేలమీది పనికి మార్చారు. ఎగిరినందుకు వచ్చే భత్యం పోయింది. తలనొప్పి తగ్గింది. వేళ్ల తిమ్మిరి అప్పుడప్పుడు ఉన్నదట. ప్రతి ఆదివారం ఫోనులో ఒక పద్యం అప్పజెబుతున్నది. మొన్నటి ఆదివారం మూడవ పాదంలో ఆగింది. నేను అందించలేదు. కొంతసేపటికి తానే అందుకున్నది.

మీలో విమానయానరంగంలో పని చేసేవారు, లేదా అట్టి బంధుమిత్రులు కలవారు ఎవరైనా ఉంటే వారికి ఒక్క మాట చేరవేయండి. వాసన వచ్చిన దినమే, తేదీతో, నిమిషాలతో వ్రాసిపెట్టుకొమ్మని. అనుభవం ఉన్నవారు వ్యాఖ్య వ్రాస్తే సంతోషిస్తాను, పేరు చెప్పనక్కరలేదు.

సెలవు.